తాళం పక్కవాళ్ళ చేతిలో

పాడేవాళ్ళకు ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీయే. తొడ మీద తాళం వేసుకుంటూ పాడుకుంటారు. వీణ వాయించేవాళ్ళకు కుడిచేతి చిటికెనవేలు ఉంది. పక్కనున్న మూడు తాళపు తీగల్ని మీటుతూ లెక్క అది చూసుకుంటుంది. హార్మోనియం పెట్టె ముందు కూర్చుంటే ఎడమ చెయ్యి తిత్తికి పోయినా, ఆ ఊపులోనే కొంత లయ దొరుకుతుంది. కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి ఈ దారులన్నీ మూసుకుపోతాయి. రెండు చేతులూ మెట్ల మీదే. కాలు నేలకు తట్టుకోవచ్చు గానీ, యాభై దగ్గరపడ్డాక కొత్తగా మొదలుపెట్టిన మనిషికి వేళ్ళు ఎక్కడ తడబడితే కాలు కూడా అక్కడే మర్యాదగా ఆగిపోతుంది. తాళం ఆగకూడదు. కాబట్టి పక్కన ఇంకో మనిషి ఉండాలి.

పాకాలలో మేం నలుగురం అట్లా ఒకరికొకరం పక్కమనుషులమయ్యాం. రైలు ఉద్యోగం చేసి దిగిన అన్న ఒకాయన, హైస్కూల్లో లెక్కలు చెప్పే అక్క, మా వీధిలో బట్టలు కుట్టే చెల్లెలు, నేను. కొడుకు చిన్నప్పుడు ముచ్చటపడితే కొన్న 61 మెట్ల కీబోర్డు ఒకటి అక్కవాళ్ళ అటక మీద దుమ్ము పట్టి ఉండేది. కొడుకు బెంగుళూరు పోయాడు, కీబోర్డు కిందికి దిగింది. సాయంత్రం పనులు తెమిలినాక ముందు గదిలో కూర్చుంటాం. ఒకరు వాయిస్తారు, ఒకరు తాళం వేస్తారు, ఒకరు పుస్తకంలో వేలు పెట్టి వరస చూపిస్తారు, మిగిలిన ఒకరు తప్పులు పడతారు. ఈ చివరి పనికి పోటీ ఎక్కువ.

"ఏందన్నా, మళ్ళీ మ కాడనే నిలబడిపోతివే?"

"బండిని లూప్ లైన్‌లో పెట్టినార్లేమ్మా. సిగ్నల్ రానీ."

అన్న చెప్పే ఆ మ దగ్గరి సిగ్నల్ కథలోనే ఈ వ్యాసానికి కావలసిన సరుకంతా ఉంది.

మా బల్ల మీద రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకటి అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ సంస్థ పెద్దవాళ్ళ కోసమే వేసిన పియానో పాఠాల పుస్తకం. పామర్, మానస్, లెత్‌కో అనే ముగ్గురు కలిసి కూర్చినది. రెండోది మన కర్ణాటక సంగీతం తొలి పాఠాలు: సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, గీతాలు. చిన్నప్పుడు ఏ కొంచెం సంగీతం నేర్చుకున్న ఇంట్లోనైనా అట్ట ఊడిపోయిన ప్రతి ఒకటి ఉంటుంది. నేను పరిచయం చెయ్యదలచింది రెండోదాన్ని. అయితే మొదటి పుస్తకం పక్కన లేకపోయుంటే దీని పనితనం నా కంటికి ఆనేది కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గోపురంలో ఎన్ని అంతస్తులున్నాయని ఊళ్ళోవాళ్ళను అడగండి, తెలుస్తుంది.

ఆల్‌ఫ్రెడ్ పుస్తకానికి ముందు ఒక నమస్కారం. దాని సూత్రం ఐదు వేళ్ళకు ఐదు మెట్లు. బొటనవేలికి 1, చిటికెనవేలికి 5 అని అంకెలిచ్చి, చెయ్యి ఒకచోట ఆనించి, అక్కడి నుంచి కదలనివ్వకుండా చాలా పేజీలు నడుపుతుంది. ఐదు స్వరాలలోనే బీతోవెన్ తొమ్మిదో సింఫనీలోని సుప్రసిద్ధమైన వరస కుడిచేతికి వచ్చేస్తుంది. నేర్చుకునే పెద్దమనిషికి కావలసింది ఏమిటో వాళ్ళకు బాగా తెలుసు. పిల్లకు బొమ్మ చూపిస్తే చాలు, పెద్దవాడికి మొదటి వారంలోనే పాటలాంటిది ఒకటి వినబడాలి. లేకపోతే కీబోర్డు మళ్ళీ అటక ఎక్కుతుంది.

మన పుస్తకం ఈ బుజ్జగింపులేమీ చెయ్యదు. మొదటి పేజీ, మొదటి వరస: స రి గ మ ప ద ని స. ఎనిమిది స్వరాలు ఒక్కసారిగా. మనకున్నది ఐదు వేళ్ళు. గొంతుకు ఇబ్బంది లేదు, చేతికి మొదటి నిమిషంలోనే చిక్కు. స మీద బొటనవేలు, రి మీద చూపుడువేలు, గ మీద నడిమివేలు పెట్టి వెళ్తే, మ దగ్గర బొటనవేలు మిగతా రెండు వేళ్ళ కిందుగా దూరి వచ్చి కూర్చోవాలి. అప్పుడు మ ప ద ని స అనే ఐదింటికి ఐదు వేళ్ళూ సరిగ్గా సరిపోతాయి. ఎడమచేతికి ఈ మలుపు ఇంకోచోట. చిటికెనవేలితో స మొదలుపెడితే ప దాకా ఐదు వేళ్ళూ అయిపోతాయి, ద దగ్గర నడిమివేలు బొటనవేలి మీదుగా దాటాలి. అంటే కుడిచెయ్యి మ దగ్గర మలుపు తిరిగితే ఎడమది ద దగ్గర తిరుగుతుంది. రెండూ కలిపి వాయించేటప్పుడు బుర్ర రెండుగా చీలినట్టుంటుంది. అన్న సిగ్నల్ కోసం ఆగేది ఇక్కడే.

ఈ పాఠాల వరసను కూర్చినవాడు పురందరదాసు అని సంప్రదాయం. 1484 నుంచి 1564 దాకా బతికిన దాసుగారు పియానో మెట్లను కలలో కూడా చూసి ఉండరు. అయినా ఆయన ఎన్నుకున్న రాగం మెట్ల మీద ఎట్లా పడుతుందో చూడండి. మొదటి పాఠాలకు పెట్టింది మాయామాళవగౌళ, 72 మేళకర్తల్లో, అంటే మూలరాగాల్లో, పదిహేనోది. సి మెట్టును స అనుకుంటే, స తెల్ల మెట్టు, రి నల్ల మెట్టు, గ మ ప మూడూ తెల్లవి, ద నల్లది, ని తెల్లది, పై స తెల్లది. స్వరానికీ స్వరానికీ మధ్య దూరాన్ని మెట్లలో లెక్కపెడితే, నల్లా తెల్లా అన్నీ కలిపి, ఇట్లా వస్తుంది: 1, 3, 1, 2, 1, 3, 1. అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే. మా లెక్కల అక్క కాగితం మీద ఇది రాసుకుని చూసి, "అరె, వికటకవి!" అనింది. అంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

ఈ వికటకవి లక్షణం ఊరికే అందానికి కాదు. స నుంచి మ దాకా చెయ్యి ఏ ఆకారంలో పోతుందో, ప నుంచి పై స దాకా అదే ఆకారంలో పోతుంది. మొదటి సగం వస్తే రెండో సగం వచ్చినట్టే. పైగా దగ్గర దగ్గరగా ఉన్న స్వరాలు మరీ దగ్గరగా, దూరంగా ఉన్నవి మరీ దూరంగా ఉంటాయి. స రి మధ్య ఒక్క మెట్టు, రి గ మధ్య మూడు. చెవి వీటిని కలగాపులగం చేసుకోవడానికి వీల్లేదు. ఆల్‌ఫ్రెడ్ వాళ్ళు మొదలుపెట్టే సి మేజర్, అంటే మన శంకరాభరణం మెట్లు, దూరాలు 2, 2, 1, 2, 2, 2, 1. రెండుకూ ఒకటికీ ఉన్న తేడా వినడానికి కొత్త చెవి కొంత సాన పట్టాలి. మూడుకూ ఒకటికీ తేడా మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇంకో మాట. తెల్ల మెట్లే ఉన్న వరసలో వేలికి గుర్తు దొరకదు, అన్నీ ఒకే చదునులో ఉంటాయి. షోపాన్ తన శిష్యులకు సి మేజర్‌తో మొదలుపెట్టించేవాడు కాడు. నల్ల మెట్లు ఎక్కువగా ఉన్న బి మేజర్‌ను ముందు పెట్టి, చదవడానికి సులువైన సి మేజర్ చేతికి అన్నిటికంటే కష్టమని దాన్ని చివరికి నెట్టేవాడు. పొడవాటి మధ్యవేళ్ళు నల్ల మెట్ల మీద, పొట్టి బొటనవేలు తెల్లదాని మీద ఉంటే చెయ్యి సహజంగా కూర్చుంటుందని ఆయన లెక్క. మాయామాళవగౌళలో రి మీద చూపుడువేలు, ద మీద నడిమివేలు, రెండూ నల్ల మెట్లే. కళ్ళు పుస్తకం మీద ఉన్నా వేలు గడప తగిలినట్టు అక్కడ ఆగి దారి కనుక్కుంటుంది. దాసుగారికీ షోపాన్‌కూ ఎక్కడి పొత్తు! గొంతు కోసం చేసిన ఎంపిక చేతికి కూడా అతికింది. మంచి పనిముట్టును దాన్ని చేసినవాడు అనుకోని పనికి వాడినా మెడ వంచదు.

ఇప్పుడు సరళీ స్వరాల్లోకి రండి. పనితనం దట్టంగా ఉన్నది ఇక్కడే. చాలామంది దీన్ని పిల్లలు అరిచే "సరిగమ" అనుకుని దాటేస్తారు. నేనూ నలభై ఏళ్ళు అట్లాగే అనుకున్నాను.

ఆది తాళం, ఎనిమిది అక్షరాలు. చేతితో వేస్తే దెబ్బ, తర్వాత మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. రెండో వరస మొదటి ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు: స రి స రి, స రి, గ మ. రెండేసి ముక్కలు, తాళంతో సర్దుకుపోతాయి, పేచీ లేదు. మూడో వరస: స రి గ స, రి గ, స రి. ముద్రించేటప్పుడు తాళం గీతల్ని బట్టి ముక్కలు చేస్తారు గనక కంటికి కనబడదు గానీ, నోటితో అనుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. సరిగ, సరిగ, సరి. మూడు, మూడు, రెండు. తాళమేమో నాలుగు, రెండు, రెండు. రెండో సరిగ మొదలయ్యేది దెబ్బ మీద కాదు, మూడు వేళ్ళలో చివరి వేలి మీద. మూడోది ఏడో అక్షరం దెబ్బ మీద వచ్చి పడుతుంది. ఇంకా రెండు పూటలు కూడా నేర్వని మనిషికి, ఇది ఎదురు నడక అని చెప్పకుండానే, తాళానికి ఎదురు నడవడం నేర్పేశారు.

నాలుగో వరస మళ్ళీ నింపాది: సరిగమ, సరిగమ. ఎదురు నడక తర్వాత ఊపిరి తీసుకోనిచ్చారు. ఐదోది: స రి గ మ, ప ఆగు, స రి. ఐదు స్వరాలు, ఒక విరామం, రెండు స్వరాలు. ఆరోది ఆరూ రెండూ. ఏడోది ఏడు స్వరాలు, ఒక విరామం. ఇందులో నాకు పరమ ఇష్టమైన సంగతి ఒకటుంది. ఐదో వరసలో విరామం ఆరో అక్షరం మీద వస్తుంది. ఏడో వరసలో ఎనిమిదో అక్షరం మీద. రెండూ విసురులే. చెయ్యి గాలిలోకి లేచి శబ్దం చెయ్యని చోటనే కొత్త స్వరం కూడా పుట్టదు. దెబ్బ మీద విరామం పెడితే కొత్తవాళ్ళు దాన్ని పూడ్చేస్తారు, దెబ్బ పడగానే వేలు దానంతటదే కదిలిపోతుంది. విసురు మీద పెడితే ఆగడం సులువు.

ఈ వరసలన్నీ వేలి లెక్కలో కూడా చూడాలి. రెండో వరసలో ఆరు అక్షరాల పాటు బొటనవేలు, చూపుడువేలే ఆడతాయి. గ మ చివర్లో ఒక్కసారి తొంగిచూస్తాయి. మూడో వరసలో మూడు వేళ్ళు. నాలుగో వరసకు వచ్చేసరికి బొటనవేలు దూరడం, వెంటనే వెనక్కి వచ్చి స పట్టుకోవడం, మళ్ళీ దూరడం. వాయిద్యం పేరెత్తకుండా వాయిద్యానికి కావలసిన కసరత్తు. హానన్ 1873లో పియానో వేళ్ళ కసరత్తు కోసం 60 అభ్యాసాలు రాశాడు. వాటిని నిష్ఠగా చేసేవాళ్ళంటే నాకు గౌరవమే గానీ, వాటిల్లో తాళం ఇట్లా కవ్వించదు.

ఆపైన మూడు కాలాలు. ఒకటో కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం వేగం మారదు, స్వరాల సాంద్రత మారుతుంది. చెప్పినంత సులువు కాదిది. పెద్దవాళ్ళకు సహజంగా ఉండే రోగం, రెండో కాలం అనగానే తాళాన్ని కూడా తొందరపెట్టడం. ఒంటరిగా కూర్చున్న మనిషి తనకు ఈ రోగం ఉందని ఎన్నటికీ ఒప్పుకోడు. తాళం పక్కవాళ్ళ చేతిలో ఉంటేనే బయటపడుతుంది. మా చెల్లెలు కుట్టుమిషను తొక్కి తొక్కి కాలం మీద పట్టు తెచ్చుకున్న మనిషి. గుడ్డ మందంగా వచ్చినా పలచగా వచ్చినా ఆమె తొక్కుడు మారదు. మా నలుగురిలో తాళానికి ఆమెనే పెట్టుకుంటాం. ఒకరోజు నేను పరిగెత్తుతుంటే వేస్తున్న తాళం ఆపకుండానే, "నువ్వు ముందు పో అన్నా, నేను నింపాదిగా వస్తా" అనింది. మెట్రోనోమ్ అనే యంత్రం టక్కుటక్కుమంటుందే తప్ప ఇట్లా మాట్లాడదు.

జంట స్వరాల దగ్గర పుస్తకం కొంచెం మోసం చేస్తుంది. స స రి రి గ గ అని అచ్చు వేస్తారు, రెండూ ఒకే సైజు అక్షరాల్లో. రెండోదాన్ని నొక్కి, కింది స్వరం ఛాయ తగిలించి పలకాలని గురువు పాడితే తెలుస్తుంది, అచ్చులో తెలియదు. కీబోర్డు మీద ఆ ఛాయ పలికే దారి ఎట్లాగూ లేదు. కనీసం రెండో దెబ్బ బరువుగా పడాలి, అదీ మెట్టు ఒత్తిడికి స్పందించే రకమైతేనే. గమకం లేని, అంటే కంపించని, స్వరం మన సంగీతంలో సగం స్వరమే. ఆ కారణం చెప్పే ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. రాయలసీమ నాటకాలవాళ్ళు మాత్రం ఆ నిషేధాన్ని లెక్కచెయ్యలేదు. పద్యం ఎత్తుకునే ముందు పెట్టె పలకాల్సిందే. నేను రేడియోవాళ్ళ చెవినీ గౌరవిస్తాను, నాటకాలవాళ్ళ గుండెనీ గౌరవిస్తాను. నా వేళ్ళకు వచ్చేసరికి రెండోవాళ్ళ పక్షం.

ఇంకో ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. మా ప్రతిలో తారస్థాయి చుక్కలు చాలాచోట్ల పడలేదు. పైన చుక్క లేకపోతే ఎగువ స కాస్తా దిగువ స అయిపోతుంది, చెయ్యి మెట్లన్నీ దాటి ఎడమకు ఉరుకుతుంది. మేం నలుగురం ఒక వారం ఆ వరస అట్లాగే ఉంటుందేమోనని నమ్మి వాయించాం.

అలంకారాలు ఏడు. ఏడు తాళాలకు ఏడు వరసలు, స రి గ మ అనే నాలుగు స్వరాలనే పెట్టుబడిగా పెట్టి. ధ్రువ తాళం పధ్నాలుగు అక్షరాలు: సరిగమ, గరి, సరిగరి, సరిగమ. మఠ్యం పది. రూపకం ఆరు: సరి, సరిగమ. ఝంపె పది, త్రిపుట ఏడు, అట పధ్నాలుగు, ఏకం నాలుగు. ధ్రువకూ అటకూ మొత్తం ఒకటే, పధ్నాలుగు. కానీ ధ్రువ నాలుగు, రెండు, నాలుగు, నాలుగుగా తాపీగా మెట్లు దిగుతున్నట్టు పోతుంది. అట ఐదు, ఐదు, రెండు, రెండు: స రి ఆగు గ ఆగు, స ఆగు రి గ ఆగు, మ ఆగు, మ ఆగు. మొదటి ఐదులో విరామాలు మూడో అక్షరం మీదా ఐదో అక్షరం మీదా, రెండో ఐదులో రెండో దాని మీదా ఐదో దాని మీదా. ఒకటి జరిపారు, అంతే. ఆ ఒక్క జరుపుతో మనిషి కుదేలవుతాడు. చివర రెండు మ లు ఒక్కోటి ఆగి పలుకుతాయి, వాన వెలిశాక చూరు నీళ్ళు పడ్డట్టు. మేం ఈ ఒక్క వరస మీద ఎన్ని సాయంత్రాలు పెట్టామో లెక్కలేదు. అక్క దాన్ని నల్లబల్ల మీద గళ్ళు గీసి చూపించింది, అన్న రైలు పట్టాల మీద నడిచిన అడుగుల్లో చెప్పాడు, చెల్లెలు ఏమీ చెప్పకుండా తాళం వేస్తూ కూర్చుంది. చివరికి ఎవరి వల్ల వచ్చిందో మాకెవరికీ తెలియదు.

గీతాలకు వస్తే, మొదటి గీతాలు మలహరి రాగంలో ఉంటాయి. మలహరి మాయామాళవగౌళ పిల్లే. అయితే ని అసలు లేదు, ఎక్కేటప్పుడు గ లేదు. ఇన్నాళ్ళూ ఏడు స్వరాలతో కుస్తీ పట్టించి, తీరా పాట చేతికిచ్చేటప్పుడు బరువు తగ్గించారు. పుట్ట మన్ను మోసిన కూలీ చేతికి పూల సజ్జ ఇచ్చినట్టు. ఆల్‌ఫ్రెడ్ తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతుంది, మనవాళ్ళు మొత్తం చూపించి తర్వాత తగ్గిస్తారు. పెద్దవాళ్ళకు ఏది మేలు అంటే నా ఓటు మొదటి నెలలో ఆల్‌ఫ్రెడ్‌కే. మూడో నెల నుంచి మనవాళ్ళకు.

ఈ పాఠాలు గురువు నోటి నుంచి కాగితం మీదికి దిగిన కథ తెలుగు అచ్చు కథ కూడా. 1859లో వీణ రామానుజయ్య సంగీత సర్వార్థ సార సంగ్రహము వెలువడింది. తర్వాత మద్రాసులో తచ్చూరు సింగరాచార్యులు అన్నదమ్ములు గాయక పారిజాతం, గాయక లోచనం లాంటి పేర్లతో వరసగా పుస్తకాలు వేశారు. 1904లో ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాల నుంచి సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో వచ్చింది. తమిళ దేశంలో తెలుగు అచ్చు! సంగీతం చదువుకునేవాళ్ళ భాష అప్పట్లో తెలుగు, అంతే. గమకాలకు విడివిడిగా గుర్తులు పెట్టి అచ్చు వేసిన ఆ ఉద్గ్రంథం వెనక ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు. మద్రాసులో సర్కారు ఉద్యోగి, కేథలిక్కు, పాశ్చాత్య స్వరలిపి తెలిసినవాడు. మన కీర్తనల్ని ఆ లిపిలోకి ఎక్కించి 1893లో పుస్తకంగా వెయ్యడం మొదలుపెట్టాడు. ఆస్తి కరిగిపోయింది, చూపు మందగించింది. దీక్షితుల దగ్గరున్న విద్య అచ్చు కావాలని పట్టుబట్టినవాడు తాను అది చూడకుండానే పోయాడు. ఒకరికి విద్య ఉంది, ఒకరికి లిపి మీద పిచ్చి ఉంది. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు కూర్చున్నవాళ్ళు.

అంత పెద్ద గ్రంథం వేసిన ముసలాయన మరుసటి ఏడు, 1905లో, ఇంకో చిన్న పుస్తకం వేశాడు. పేరు ప్రథమాభ్యాస పుస్తకము. పండితులకు కొండ ఇచ్చి, కొత్తవాళ్ళకు మెట్లు కట్టడం ఆయన మర్చిపోలేదు. 1906లో ఆయన పోయారు. ఆ చిన్న పుస్తకంలో మా కీబోర్డుకు చుట్టమైన సరుకు ఒకటుంది, నోటు స్వరాలు.

వీటి పుట్టుక మద్రాసు దగ్గర మణలిలో. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం మణలి మొదలియార్ల ఆదరణలో ఉన్న కాలంలో, సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు వాయించే వరసలు అన్నదమ్ముల చెవిన పడ్డాయి. తమ్ముడు బాలస్వామి అక్కడే ఫిడేలు నేర్చుకున్నాడు. అన్న ముత్తుస్వామి ఆ వరసలకు సంస్కృత సాహిత్యం కట్టాడు. బాలస్వామి కూతురి కొడుకే, ఆ తర్వాత దత్తపుత్రుడే, సుబ్బరామ దీక్షితులు. తాత చెవి, మనవడి అచ్చు. ఆ పుస్తకంలో 30కి పైగా నోటు స్వరాలు ఉన్నాయి.

కొత్తగా మెట్లు నేర్చుకునేవాళ్ళకు ఇవి వరం. అన్నీ శంకరాభరణం మెట్లు, తెల్లవే. గమకం దాదాపు అక్కర్లేదు గనక కీబోర్డు సిగ్గుపడాల్సిన పని లేదు. శ్యామలే మీనాక్షి వరస ఎల్‌కేజీ పిల్లలు పాడే ట్వింకిల్ ట్వింకిల్ వరసే: స స ప ప ద ద ప. స నుంచి ద దాకా ఆరు స్వరాలు. ఐదు వేళ్ళ చేతికి సరిగ్గా ఒకటి ఎక్కువ. ద కోసం చిటికెనవేలు ఒక్క అడుగు చాచి వెనక్కి రావాలి. చెయ్యి ఒక్కచోటే ఆనించమనే ఆల్‌ఫ్రెడ్ పాఠానికీ, బొటనవేలు దూర్చమనే సరళీ స్వరాలకూ మధ్య ఇంతకంటే చక్కని వంతెన ఎవరైనా ఉద్దేశించి కట్టినా రాదు. అందులోనూ చూడండి, వచ్చినది విదేశీ వరస, కూర్చున్నది మదుర మీనాక్షి. శ్రీకాళహస్తి వాయులింగం మీద హుసేని రాగంలో కృతి చేసిన ఆ మహానుభావుడే ఇట్లా బ్యాండు వరసలతో కూడా ఆడుకున్నాడు. పెద్ద విద్వాంసుడి సరదా పక్కన కొత్తవాళ్ళకు కొంచెం చోటు దొరికింది.

వరస విని పట్టుకోవడం, దాన్ని కాగితం మీద పెట్టడం అంటే మా ఉమ్మడి జిల్లాలో ఇంకో కథ గుర్తుకు రాకమానదు. పాకాల నుంచి ధర్మవరం దారి పట్టిన రైలు పీలేరు, కలికిరి దాటి మదనపల్లి రోడ్డు చేరుతుంది. 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లి దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండువాడు, కవి. ఆయన భార్య మార్గరెట్ అక్కడ సంగీతంలో పట్టా పుచ్చుకున్న పియానో మనిషి. ఒక సాయంత్రం విద్యార్థుల నడుమ ఠాగూర్ జనగణమన పాడారు. విన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి పాడించుకున్నారు, పల్లవి దగ్గర తామూ గొంతు కలిపారు. దాని ఇంగ్లీషు అనువాదం ఠాగూర్ అక్కడే రాశారు, స్వరలిపి మార్గరెట్ రాసింది. నాకు ఆ కథలో నచ్చేది జాతీయగీతం కావడం ఒక్కటే కాదు. పట్టా ఉన్న పియానిస్టు, తనది కాని సంగీతం ముందు కొత్త విద్యార్థిలా కూర్చుని, చుట్టూ ఉన్న కుర్రాళ్ళ గొంతుల సాయంతో వరసను పట్టుకోవడం. మళ్ళీ, మళ్ళీ అని అడగడానికి అక్కడ ఎవరూ మొహమాటపడలేదు.

మొహమాటం పెద్దవాళ్ళకు అన్నిటికంటే పెద్ద అడ్డం. ఇంట్లో మనవరాలు తలుపు సందులోంచి చూసి నవ్వుతుంది. పాత సినిమాలో హీరో పియానో ముందు కూర్చుని మొహం మెట్ల వైపు కూడా తిప్పకుండా పాటంతా వాయించేస్తాడు, మనకేమో సరిగమ రాదు. ఇంకో చిక్కు, పెద్దవాళ్ళ చెవి ముందు నడుస్తుంది, వేళ్ళు వెనక నడుస్తాయి. ఘంటసాలను విన్న చెవి తన వేళ్ళ పనిని క్షమించదు. పిల్లలకు ఈ బాధ లేదు, వాళ్ళ చెవీ వేళ్ళూ ఒక్క ఈడువి. నలుగురం కూర్చుంటే ఆ చెవి మన మీద నుంచి పక్కవాళ్ళ మీదికి మళ్ళుతుంది. పక్కవాళ్ళ తప్పు మన తప్పంత చేదుగా ఉండదు.

ఈ మధ్య సంతతం పాహిమాం తీశాం. అది ఇంగ్లండు రాజు పాట, గాడ్ సేవ్ ది కింగ్ వరస. మూడు లెక్క. స స రి, తర్వాత కింది ని. అన్న మొదటి రోజు బొటనవేలు అలవాటుగా స మీద పెట్టి మొదలుపెట్టాడు. నాలుగో స్వరం ని కోసం చెయ్యి మొత్తం ఎడమకు జరిపి, తిరిగి స వెతుక్కునేసరికి తాళం ఒక ఆవర్తం దాటిపోయింది. రెండుసార్లు, మూడుసార్లు అంతే. అక్క ఏదో లెక్క చెప్పబోయింది.

తాళం వేస్తున్న చెల్లెలు చెయ్యి ఆపకుండానే, "గుడ్డ కత్తిరించే ముందే కొలుచుకోవల్ల కదన్నా. మొదుటే ఒక మెట్టు ఎడమకు జరిగి కూచో. ని మీద బొటనేలు పెట్టు, స ను పక్కనేలుతో పట్టు" అనింది.

అన్న అట్లాగే పెట్టాడు. ని మీద బొటనవేలు, స మీద చూపుడు, రి మీద నడిమి, గ మీద ఉంగరపు, మ మీద చిటికెన. మొదటి ఆరు ముక్కలూ చెయ్యి కదలకుండా వచ్చేశాయి. పుస్తకంలో ని కింద పెన్సిలుతో 1 అని రాసుకున్నాం. రెండో భాగం ప దగ్గర ఎత్తుకుంటుంది. అక్కడ చెయ్యి ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.